నాలుక ఎడమ పక్క

మాస్టారికి తన నాలుక మీద బుడిపెలున్నాయని తెలిసింది ఒక సోమవారం పొద్దున. ఆ పొద్దుటి నుంచి సరిగ్గా పదకొండు రోజులు ఆయన ఇల్లు పీకి పందిరి వేశాడు.

పేరుకి మాస్టారే గానీ ఆయన బడి మొహం చూసి చాలా ఏళ్ళయింది. కారు నడపడం నేర్పుతాడు. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు అమర్చుకుని, నేర్చుకునేవాళ్ళని పొద్దస్తమానం "క్లచ్చి వదలద్దన్నానా, అద్దం చూడమన్నానా" అని పోరుతూ ఉంటాడు. భార్యది బట్టలు సరిచేసే కొట్టు. వదులైన కోటు బిగించడం, పొడుగు ప్యాంటు కురచ చేయడం, పాడైన జిప్పు మార్చడం. మనిషి గుమ్మంలో నిలబడగానే ఎక్కడ ఎన్ని అంగుళాలు తీసెయ్యాలో టేపు పెట్టకుండానే చెప్పేస్తుందని ఆమెకి కత్తెరమ్మ అని పేరు పడింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు.

ఆ సోమవారం ఆమె పొయ్యి దగ్గరుంది. స్నానాల గదిలోంచి "ఇదిగో, ఒకసారి ఇలా రా" అని పిలుపు వినబడింది. గొంతులో వణుకు విని చేతిలో గరిటె పారేసి పరుగెత్తింది. మాస్టారు అద్దం ముందు నాలుక గడ్డం దాకా చాపి నిలబడి ఉన్నాడు. బాగా లోపల, గొంతుకి దగ్గరగా, వరస కట్టి ఉన్న గుండ్రటి బుడిపెలు చూపించాడు. నాలుక గీసుకుంటుంటే డోకు వచ్చినట్టయి నోరు ఇంకాస్త తెరిచాడట. చూస్తే ఇవి. ఫోను లైటు ఆమె చేతికిచ్చి సరిగ్గా పట్టుకోమన్నాడు. ఆమె పట్టుకుంది. ఆయన లెక్కపెట్టాడు. తొమ్మిది. మళ్ళీ లెక్కపెడితే ఎనిమిది. ఆ ఒక్కటీ ఎటు పోయిందని ఇంకాసేపు వెతికాడు. ఈలోగా పొయ్యి మీద కూర మాడిపోయింది.

ఆ రోజు ఆయన క్లాసులు మానేసి ఫోను పట్టుకుని కూర్చున్నాడు. నాలుక గురించి లోకంలో ఎవరెవరు ఏమేమి రాశారో అన్నీ చదివాడు. మధ్యాహ్నానికి ఆయనకి నాలుగు జబ్బులు, సాయంత్రానికి ఏడు. మంగళవారం నుంచి పొద్దునోటి సాయంత్రమోటి ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. కారం మానేశాడు, టీ మానేశాడు, వేడిగా ఉన్నదేదీ ముట్టనన్నాడు. ఇంట్లో ఇద్దరికీ వేరు వేరుగా వండటం ఎందుకని మొత్తం వంటే చప్పగా మారిపోయింది. బుధవారం నాడు ఆయన అక్క పెట్టె సర్దుకుని దిగింది. వదిన రావడమే తమ్ముడి గడ్డం పట్టుకుని నోరు తెరవమంది, చూసింది, మంచం మీద కూలబడి కళ్ళు తుడుచుకుంది. ఆ వెంటనే కత్తెరమ్మ వైపు తిరిగి, ఇన్నాళ్ళూ మొగుడి నోట్లో ఏముందో చూసుకోకుండా ఏం చేస్తున్నావని అడిగింది.

కత్తెరమ్మ ఏమీ అనలేదు. అనాలంటే నోరు తిరగాలి. ఆమె నోరు సరిగ్గా తిరిగి నాలుగు నెలలయింది.

అది దారం వల్ల మొదలైంది. చేతి నిండా కత్తెరలున్నా దారం పళ్ళతో తెంపడం ఆమెకి పన్నెండో ఏట పట్టుబడ్డ అలవాటు. ముందు పళ్ళకి ఏనాడో గాట్లు పడ్డాయి, అందుకని ఎడమ పక్క దవడ పళ్ళ మధ్య పెట్టి లాగేది. నాలుగు నెలల కిందట ఒక మందపాటి కోటుకి గుండీలు కుడుతుంటే టక్కుమని చప్పుడైంది. కింది పన్ను ఒకటి అంచు విరిగింది. నొప్పేమీ లేదు గనక వదిలేసింది. విరిగిన అంచు మాత్రం బ్లేడు ముక్కలా నిలబడిపోయి, మాట్లాడినప్పుడల్లా, మింగినప్పుడల్లా నాలుక పక్కన గీరుకునేది. రెండు వారాలకి అక్కడ పుండు లేచింది. పుండు మానలేదు. దాని చుట్టూ తెల్లగా పొరలాంటిది వచ్చింది, వేలు పెడితే కింద చిన్న గింజలా గట్టిగా తగిలేది.

చెప్పలేదా అంటే, చెప్పింది. ఒక పొద్దున మాస్టారు బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నప్పుడు, నాలుక పక్కన ఏదో లేచిందండీ, మానడం లేదు అంది. వేడి చేసుంటుంది, నీళ్ళు బాగా తాగు అన్నాడు తల ఎత్తకుండానే. ఇంకో నెల పోయాక మళ్ళీ చెప్పింది. నీళ్ళు తాగమన్నాను కదా, తాగావా అన్నాడు. వదినతో ఫోనులో మాట్లాడుతూ ఒకసారి ఆమె చెవినా వేసింది. పళ్ళతో దారాలు తెంపితే నాలుకలు అలాగే ఏడుస్తాయి అంది వదిన. కొట్టు పక్కన బట్టలు ఉతికే దుకాణం నడిపే ఆవిడ ఒక్కతే వెలుతుర్లోకి తీసుకెళ్ళి చూసింది. చూసి, ఇది నాకేం బావున్నట్టు లేదు, డాక్టరుకి చూపించుకో అంది. కత్తెరమ్మ సరేనంది. కానీ అప్పుడు ఒక హోటలు వాళ్ళ యూనిఫారం కోట్లు అరవై బల్ల మీదున్నాయి. అవి అయ్యాక అనుకుంది. మందుల షాపతన్ని అడిగితే ఎర్ర మాత్రలు ఇచ్చాడు. అవి మింగుతూ, కుడి పక్కనే నములుతూ, కూరలో కారం తగిలినప్పుడల్లా కళ్ళలో నీళ్ళు కొంగుతో ఒత్తుకుంటూ నెట్టుకొచ్చింది. అదే బల్ల దగ్గర ఎదురుగా కూర్చుని తినే మనిషి ఒక్కపూటా ఏమైందని అడగలేదు.

ఇప్పుడు ఆయన పుణ్యమా అని ఇంట్లో వంట చప్పబడింది. నాలుగు నెలల తరవాత మొదటిసారి ఆమె మంట లేకుండా అన్నం తినగలిగింది. గురువారం మధ్యాహ్నం రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే అమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు అరికాలి మంట నెత్తికెక్కింది. తన వంట, తన పొయ్యి, తన చెయ్యి. కారం తగ్గించుకోవాలని నాలుగు నెలల్లో తనకే తోచలేదు, తోచినా ధైర్యం చాలలేదు. ఆయనకి నొప్పి కూడా లేదు. ఉత్త అనుమానం వచ్చింది, అంతే. ఇల్లంతా రుచి మార్చుకుంది.

కోపం ఆయన మీద ఎంతో, తన మీదా అంతే. రెండిటినీ వేరు చేయడం ఆమెకి చేతకాలేదు. ఆ వారమంతా కొట్లో మిషను పెడలు మామూలు కన్నా గట్టిగా తొక్కింది. సూదులు రెండు విరిగాయి.

పదకొండో రోజుకి పళ్ళ డాక్టరు దగ్గర సమయం దొరికింది. మాస్టారు ఒంటరిగా వెళ్ళనన్నాడు. డాక్టరు ఏదైనా చెడ్డ మాట చెబితే తట్టుకునే మనిషి పక్కన ఉండాలట. వదిన తనకి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయని తప్పుకుంది. ఆ రోజు కత్తెరమ్మ బల్ల మీద సరిచేయాల్సిన కోట్లు పన్నెండున్నాయి, సాయంత్రానికి ఇస్తానని మాటిచ్చినవి. ఒక్క పూట కొట్టు మూస్తే కొంప మునగదులే అన్నాడు మాస్టారు. ఆమె తాళం వేసి, తాళం చెవి ఉతికే దుకాణం ఆవిడకిచ్చి, డ్రైవింగు స్కూలు కారెక్కింది.

డాక్టరమ్మ పొట్టిగా, చురుగ్గా ఉంది. ఎక్కువ మాట్లాడే రకం కాదు. మాస్టారు కుర్చీలో వాలకముందే ఫోను తీసి ఇరవై ఒక్క ఫోటోలు తారీకుల వారీగా చూపించబోయాడు. ఆవిడ ఫోను పక్కన పెట్టించి, అద్దం ముక్క నోట్లో పెట్టి, లైటు దించి చూసింది. అర నిమిషం పట్టింది. ఇవి జబ్బు కాదు, అందరికీ ఉండేవే అని చెప్పింది. నాలుక వెనక భాగంలో, గొంతుకి దగ్గరగా, ఏడు నుంచి పన్నెండు దాకా ఇలా వరసగా ఉంటాయి, రుచి తెలిపేవి అవే. పుట్టినప్పటి నుంచీ మీతోనే ఉన్నాయి, మీరే మొన్న మొదటిసారి అంత లోపలికి చూసుకున్నారు అంది.

మాస్టారికి ఆ మాట రుచించలేదు. పదకొండు రోజులు పడ్డ భయం అంత చవగ్గా తేలిపోవడం ఆయనకి అవమానంగా తోచినట్టుంది.

"అందరికీ ఎక్కడుంటాయండీ? మా ఆవిడకి లేవు" అన్నాడు.

గోడవార స్టూలు మీద కూర్చున్న కత్తెరమ్మ తలెత్తి ఆయన్ని చూసింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన ఆమె నోట్లోకి ఒక్కసారీ చూడలేదు.

డాక్టరమ్మ నవ్వింది. "లేకపోవడమేంటి, ఆవిడనీ కూర్చోమనండి, ఇప్పుడే చూపిస్తాను" అంది.

కత్తెరమ్మ నాకొద్దంది. మాస్టారు, నా కోసం ఆ మాత్రం నోరు తెరవలేవా అన్నాడు. ఆమె లేచి కుర్చీలో కూర్చుని నోరు తెరిచింది.

డాక్టరమ్మ మాస్టారిని దగ్గరికి పిలిచి, అదిగో చూడండి, వెనక వరసగా, అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. అద్దం కదలడం మానేసింది. పలచటి తెల్ల గుడ్డతో నాలుక కొస పట్టుకుని మెల్లగా కుడి వైపుకి లాగి, ఎడమ పక్క చూసింది. తొడుగు వేసుకున్న వేలితో పుండు కింద తడిమింది. దవడ కింద, మెడ పక్కన వేళ్ళతో నొక్కి చూసింది. ఇందాకటి నవ్వు మొహంలో లేదు.

"ఇది ఎన్నాళ్ళుగా ఉంది?"

"నాలుగు నెలలు."

"ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పాను" అంది కత్తెరమ్మ.

మాస్టారు గోడ మీది పళ్ళ బొమ్మ కేసి చూశాడు.

డాక్టరమ్మ ఆమెనీ వదల్లేదు. చెప్పడం సరే, రావడం ఏది అని గట్టిగానే అడిగింది. నోట్లో ఏ పుండైనా మూడు వారాల్లో మానాలి. మానకపోతే ఎవరి అనుమతీ అక్కర్లేదు, నేరుగా వచ్చి చూపించుకోవాలి. పైగా నాలుక పక్కన, పైగా తెల్లపొర, పైగా గట్టిగా తగులుతోంది. విరిగిన పన్ను అంచు ఇవాళే నున్నగా అరగదీస్తానంది. పుండు దగ్గర చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలంది. అది ఏమిటన్నది కంటితో చూసి చెప్పకూడదు, పది రోజుల్లో కాగితం వస్తుంది, అప్పుడు మాట్లాడుకుందాం అంది. భయపెట్టలేదు, బుజ్జగించనూ లేదు. అంతా విన్నాక కత్తెరమ్మకి మొదటిసారి భయం వేసింది.

అప్పుడు మాస్టారు గొంతు సవరించుకుని అడిగాడు. "అయితే డాక్టరుగారూ, నావి పరీక్షకి పంపక్కర్లేదా?"

డాక్టరమ్మ మత్తు సూది సిద్ధం చేసుకుంది.

ముక్క తీయడం ఎంతోసేపు పట్టలేదు. రెండు కుట్లు పడ్డాయి. మత్తెక్కిన నాలుక నోట్లో వేరే ఎవరిదో పెట్టినట్టు బరువుగా పడి ఉంది. రెండు రోజులు తక్కువ మాట్లాడమని, మెత్తటివి తినమని చెప్పి పంపారు. స్కూలు కారు గనక పక్క సీటు దగ్గర మాస్టారి బ్రేకు ఉంది. ఎప్పుడూ ఆయన కూర్చునే ఆ సీట్లో ఆమె కూర్చుంది.

కారు పెద్ద రోడ్డెక్కాక మాస్టారు మాటల్లో పడ్డాడు. డాక్టర్లంతా ఇంతే, గోరంత దాన్ని కొండంత చేస్తారు. అర నిమిషం చూసి నాది ఏమీ లేదనేసింది, అది ఎలా నమ్మడం? ఇంకో చోట చూపించుకుంటే మంచిదేమో. నీదంటావా, ఉత్త పుండు, నీళ్ళు తక్కువ తాగుతావు, నేను ఎన్నిసార్లు చెప్పాను.

కత్తెరమ్మ బ్రేకు మీద కాలు పెట్టి నేలకంటా తొక్కింది.

కారు కీచుమని నడిరోడ్డు మీద ఆగిపోయింది. మాస్టారి గడ్డం స్టీరింగుకి తగిలినంత పనైంది. వెనక బస్సువాడు హారను మీద చెయ్యి పెట్టి తీయలేదు. మాస్టారు తెల్లబోయి ఆమె వైపు తిరిగాడు. ఇరవై ఏళ్ళుగా ఆ బ్రేకు ఆయన తప్ప ఇంకెవరూ తొక్కలేదు.

ఆమె మాట్లాడింది. మొద్దుబారిన నాలుకతో మాటలు ముద్దముద్దగా వచ్చాయి, పెదవి పక్క నుంచి ఉమ్మి కారింది, తుడుచుకోలేదు.

"నాలుగు నెలలు మీ ఎదురుగా కూర్చుని ఒక పక్కనే నమిలాను. మీకు కనబడలేదు. మీ నోట్లో పుట్టినప్పటి నుంచీ ఉన్నవి మాత్రం ఒక్క పొద్దుటికే కనబడ్డాయి. పదకొండు రోజులు లైటు పట్టుకున్నాను. ఒక్కసారి, ఒక్కసారి ఆ లైటు ఇటు తిప్పాలని తోచలేదు మీకు."

మాస్టారు ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తింది.

"నీళ్ళు అన్న మాట ఇంకోసారి వినబడితే, నేను దిగి నడిచి వెళ్తాను."

బస్సు హారను ఆగలేదు. చాలాసేపటికి ఆమె కాలు తీసింది. ఇంటిదాకా ఆయన రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి, కొత్తగా నేర్చుకునేవాడిలా బండి నడిపాడు.

ఆ తరవాతి పది రోజులు ఇంట్లో మాటలు కరువయ్యాయి. విషయం తెలిసి వదిన మొదట, దారం సంగతి నేను ముందే చెప్పాను కదా అంది. కత్తెరమ్మ చేతిలో పని ఆపి ఆవిడ మొహంలోకి అలా చూస్తూ నిలబడింది. చెప్పిన మాట ఆవిడకే చెవిలో తిరిగినట్టుంది, లేచి వంటింట్లోకి పోయింది. ఆ సాయంత్రం నుంచి పొయ్యి దగ్గర ఎవరినీ నిలబడనివ్వలేదు. తమ్ముడి కోసం వచ్చిన మనిషి మరదలికి మెత్తగా ఉడికించి, చల్లార్చి, గిన్నెలో పోసి కొట్టుకి తీసుకెళ్ళేది. ఉప్పు ఎప్పుడూ ఎక్కువే పడేది. కత్తెరమ్మ తినేది, బావుందని మాత్రం అనలేదు. తన కోపం ఉప్పుకీ పప్పుకీ చల్లారే రకం కాదని ఆమెకి ఆ పది రోజుల్లోనే తెలిసింది. వదిన మంచిదే, మాస్టారూ రాక్షసుడు కాదు. ఆ మంచితనం ఎప్పుడూ ఒక పక్కకే ఎందుకు పారుతుందన్నదే ఆమెకి మింగుడుపడలేదు.

కాగితం వచ్చిన రోజు ఆమె ఒక్కతే వెళ్ళింది. రావద్దని ముందే చెప్పింది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని చదివి చెప్పింది. క్యాన్సరు కాదు. అలాగని ఏమీ లేదనీ కాదు. అక్కడి కణాలు దారి తప్పడం మొదలుపెట్టాయి, ఇంకా లోపలికి దిగలేదు. ఆ తెల్ల మచ్చ మొత్తం, చుట్టూ కాస్త అంచుతో సహా, తీసేయాలి. ఆ తరవాత కూడా కొన్నేళ్ళ పాటు వరసగా చూపించుకుంటూ ఉండాలి. ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే అని మొదలుపెట్టి, ఆ వాక్యం పూర్తి చేయలేదు.

వీధిలోకి వచ్చాక ఏడుపు వస్తుందనుకుంది కత్తెరమ్మ. రాలేదు. ప్రాణం కుదుటపడిన మాట నిజమే, కానీ దానితోపాటు కోపం ఇంకా పెరిగింది. భయం ఉన్నన్నాళ్ళూ కోపానికి చోటు చాలలేదు కాబోలు, భయం జరగ్గానే మొత్తం పరుచుకుంది. నాలుగు నెలలు. మాయదారి హోటలు కోట్లు, ఎర్ర మాత్రలు, బూట్ల తాళ్ళు. రోడ్డు దాటుతూ తనలో తనే గొణుక్కుంటుంటే ఎదురొచ్చిన మనిషి పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

ఆపరేషను జరిగింది. మచ్చ పోయింది, దానితో నాలుక పక్కన కొంచెం కండా పోయింది. మూడు వారాల తరవాత కొట్టు తెరిచింది. మాటలో కొద్దిగా తేడా మిగిలింది. లకారం, రకారం తొందరగా వస్తే ఒకదాని మీద ఒకటి పడేవి. నిదానంగా, ఒక్కో అక్షరం చూసుకుని పెడితేనే సరిగ్గా వచ్చేవి.

కొట్టు తెరిచిన రెండో వారంలో తపాలా ఆఫీసులో పనిచేసే ఒకామె ప్యాంట్లు కురచ చేయించుకోవడానికి వచ్చింది. మాస్టారి దగ్గర కారు నేర్చుకుంటోందట. కొలత తీస్తుంటే, మీరు చాలా అదృష్టవంతులండీ అంది. కత్తెరమ్మ ఎందుకని అడిగింది.

మాస్టారు క్లాసులో చెప్పారట. నాలుకలో ఏ చిన్న తేడా వచ్చినా తాత్సారం చేయకూడదు, నేను నా నాలుక చూపించుకోవడానికి వెళ్తూ పట్టుబట్టి మా ఆవిడనీ తీసుకెళ్ళాను, నేను లాక్కెళ్ళబట్టే ఆవిడ బతికి బట్టకట్టింది అని. ప్రతి కొత్త బ్యాచికీ చెబుతారట. అందరూ చప్పట్లు కొట్టారట.

కత్తెరమ్మ టేపు చుట్టి జేబులో పెట్టుకుంది. చేతిలో ఉన్న గుండుసూదులు ఒక్కొక్కటే సూదుల దిండుకి గుచ్చింది. ప్యాంట్లు గురువారానికి ఇస్తానని చెప్పి, ఆవిడ వెళ్ళగానే కొట్టు మూసి మైదానానికి నడిచింది.

మాస్టారు ఊరి చివర ఖాళీ మైదానంలో నేర్పుతాడు. రబ్బరు కోనులు రెండు వరసలుగా పెట్టి ఉన్నాయి. నలుగురు నేర్చుకునేవాళ్ళు నీడలో నిలబడి ఉన్నారు, మాస్టారు వాళ్ళకి మలుపు ఎలా తీసుకోవాలో చేతులతో చూపిస్తున్నాడు. భార్యని చూసి, ఏంటి ఇలా వచ్చావని నవ్వుతూ ఎదురొచ్చాడు. ఆమె ఆగకుండా ఆయన పక్కకి వచ్చి, ఆ నలుగురి వైపు తిరిగి నిలబడింది.

అరిచే వీలు లేదు. అరిస్తే అక్షరాలు ముద్దయిపోతాయి. అందుకని ఒక్కో మాటా గుండీ కుట్టినట్టు కుట్టింది.

"నేను ఈయన భార్యని. నా నాలుక కథ మీకు ఈయన చెప్పారట. ఈయన చెప్పని సంగతి నేను చెబుతాను. నాలుక మీద పుండు మానడం లేదని ఈయనకి రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ నీళ్ళు తాగమన్నారు. ఆ రోజు ఈయన నన్ను తీసుకెళ్ళింది తన భయానికి తోడుగా. నా కోసం కాదు. నా పుండు చూసింది డాక్టరమ్మ, అది కూడా పొరపాటున. ఆ రోజు నేను నోరు తెరవనని మొండికేసి ఉంటే ఇవాళ్టికీ ఆ పుండు అక్కడే ఉండేది."

మాస్టారి మొహం కందగడ్డ అయింది.

"ఇందులో నా తప్పూ ఉంది. ఎవరో ఒకరు పదమంటారని నాలుగు నెలలు కూర్చున్నాను. మీరు అలా కూర్చోకండి. మూడు వారాల్లో మానని పుండు ఉంటే ఎవరినీ అడక్కుండా వెళ్ళండి. చప్పట్లు అక్కర్లేదు."

అని మాస్టారి వైపు తిరిగి, ఇక ఆయనకి మాత్రమే వినబడేలా అంది. "తప్పు చేశారని నాలుగు నెలలు ఊరుకోగలను. ఆ తప్పుని గొప్ప చేసుకుని చెప్పుకుంటే ఒక్క పూట కూడా ఊరుకోను."

వచ్చిన దారినే వెళ్ళిపోయింది. వెనక మాస్టారు ఏం చేశాడో ఆమె చూడలేదు. తపాలా ఆఫీసు ఆవిడ గురువారం నాడు ప్యాంట్ల కోసం వచ్చినప్పుడు చెప్పింది. ఆయన చివరికి, ఆవిడ చెప్పిందే నిజం, నేను చెప్పింది అబద్ధం అన్నారట. ఆ రోజుకి క్లాసు లేదని అందరినీ పంపేశారట.

ఇంట్లో ఆయన క్షమించమని అడగడానికి ఇంకో నెల పట్టింది. అది కూడా సరిగ్గా చేతకాలేదు. అన్నం తింటూ, కంచం వైపు చూస్తూ, అప్పుడు నేను కాస్త పట్టించుకుని ఉండాల్సింది అన్నాడు. కాస్త అనకండి అంది ఆమె. పట్టించుకుని ఉండాల్సింది అన్నాడు మళ్ళీ. విన్నాను అంది. ఫరవాలేదని అనలేదు. అనాలని ఆయన కాసేపు ఎదురుచూశాడు, తరవాత తలదించుకుని తినేశాడు. ఆ తరవాత డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన తారీకులన్నీ ఆయనే గుర్తుపెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆమె ఒద్దనలేదు. మెచ్చుకోనూ లేదు. అది ఆయన ఇరవై రెండేళ్ళ కిందటే నేర్చుకోవాల్సిన పాఠమని ఆమె లెక్క.

కోపం పూర్తిగా పోలేదు. పోవాలని ఆమెకీ పెద్ద తొందర లేదు.

చలి ముదిరిన రోజుల్లో ఒకనాడు ఒక పెద్దావిడ కోటు సరిచేయించుకోవడానికి వచ్చింది. తీసుకెళ్ళే రోజున తొడిగి చూసుకుంటూ, మాట మధ్యలో, పెదవి లోపల పుండొకటి నెల రోజుల నుంచి వేధిస్తోందని, ఇంట్లోవాళ్ళు వేడి చేసిందంటున్నారని అంది. కత్తెరమ్మ మిషను ఆపింది. లేచి వచ్చి, ఆవిడ ఒంటి మీది కోటు మెల్లగా విప్పి, మడత పెట్టి, బల్ల వెనక అరలో పెట్టేసింది.

"చూపించుకుని రండి. అప్పుడు ఇస్తాను."

పెద్దావిడకి ఒళ్ళు మండింది. నా కోటు నాకివ్వకపోవడానికి నువ్వెవరని అడిగింది. ఇది కొట్టా, ఆసుపత్రా అంది. కత్తెరమ్మ డాక్టరమ్మ అడ్రసు కాగితం మీద రాసి చేతిలో పెట్టింది. ఆవిడ ఆ కాగితం నలిపేసి, మళ్ళీ ఏమనుకుందో సంచిలో పడేసుకుని, చలిలో విసవిసా వెళ్ళిపోయింది.

నాలుగో రోజున తిరిగి వచ్చింది. కట్టుడు పళ్ళు వదులై గీరుకుందట, పళ్ళ సెట్టు సరిచేశారట, ఇంకేమీ లేదన్నారట. ఇంత రాద్ధాంతం చేశావు, ఏమీ లేదు చూశావా అంది, కోపం ఇంకా తగ్గకుండానే.

"లేకపోతే మంచిదే" అంది కత్తెరమ్మ. అరలోంచి కోటు తీసి, దులిపి, భుజాల మీద తొడిగింది. వెనక కాలరు దగ్గర ఒక దారప్పోగు మిగిలి ఉంటే కత్తెరతో కత్తిరించి, ఇక వెళ్ళిరండి అంది.